పిల్లికి షుగర్ వస్తే మొదటి నెల ఇంట్లో ఎలా చూసుకోవాలి

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్ల మగ పిల్లి, చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు, 6.8 కిలోలు ఉండేవాడు మూడు నెలల్లో 5.4కి పడిపోయాడు, గిన్నెలో నీళ్లు పోయడం ఆలస్యం ఖాళీ చేస్తున్నాడు. హన్మకొండలో డాక్టర్ చూసి షుగర్ 412 ఉంది, యూరిన్‌లో కూడా పోతోంది అని చెప్పి గ్లార్జిన్ ఇన్సులిన్ పొద్దున ఒక యూనిట్, రాత్రి ఒక యూనిట్ రాసిచ్చారు. నీకు ఉద్యోగం, ఇంట్లో అమ్మ ఒక్కతే, ఆమెకు సూది పేరు చెబితేనే చేతులు వణుకుతాయి. ఇంట్లో మావల్ల అవుతుందా, మాత్రలు లేవా, బతికినన్నాళ్లూ పొడవాల్సిందేనా అని అడిగావు. మా అమ్మాయి ఈడుదానివే అనిపించింది, అందుకే నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నేను డాక్టర్‌ని కాను. కాజీపేటలో ఉంటాం, స్కూల్లో సైన్స్ చెప్తాను. మా పిల్లి గుండుగాడికి పదో ఏట షుగర్ బయటపడింది, ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు మాతోనే ఉన్నాడు. అందులో చాలా భాగం నా చేతి సూదితోనే. వాడి పుణ్యమా అని తెలిసినవాళ్ల పిల్లులు ఇంకో ఏడెనిమిదింటిని దగ్గరుండి చూశాను. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: అవుతుంది. పిల్లికి సూది వేయడం మనిషికి వేయడం కన్నా సులువు, నిజంగా. కష్టం వేరే చోట ఉంది.

మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు లేచి వెళ్లి మెడికల్ షాపులో ఇచ్చిన సిరంజి మూత ఏ రంగో చూడు. మన దగ్గర రెండు రకాల ఇన్సులిన్ సిరంజీలు అమ్ముతారు. ఎర్ర మూతది 40 యూనిట్ల ఇన్సులిన్‌కి, ఆరెంజ్ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. అంటే ఒక ఎం.ఎల్.లో ఎన్ని యూనిట్లు ఉన్నాయి అన్నదాని లెక్క. మన దేశంలో మనుషులు వాడే పాత రకం ఇన్సులిన్ సీసాలు చాలావరకు 40వి, అందుకే షాపువాళ్ల చెయ్యి ముందు ఎర్ర మూత డబ్బా మీదికే పోతుంది. గ్లార్జిన్ మాత్రం మామూలుగా 100ది. 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు లాగితే ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు లోపలికి పోతాయి. కావాలంటే కాగితం మీద లెక్క వేసి చూసుకో. సీసా మీద ఏముందో, సిరంజి మీద ఏముందో రెండూ ఒకే నంబరు ఉండాలి. విదేశాల నుంచి పిల్లుల కోసమే వచ్చే కొన్ని ఇన్సులిన్లు 40వి ఉంటాయి, వాటికి మళ్లీ ఎర్ర మూతే కావాలి. అందుకని రంగు గుర్తుపెట్టుకుని ఊరుకోకుండా నంబరు కలిసిందో లేదో ప్రతిసారీ చూడు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఆ తప్పు నేనే చేశాను. గుండుకి మొదట్లో నాలుగే ఆరెంజ్ సిరంజీలు తెచ్చుకున్నాను, రెండు రోజుల్లో అయిపోయాయి. మా ఆయనకు పదేళ్లుగా షుగర్, ఆయన ఎర్ర మూత సిరంజీలు ఫ్రిజ్ పైన డబ్బా నిండా ఉంటాయి. సిరంజి సిరంజే కదా అనుకున్నాను, సైన్స్ టీచర్‌ని అయ్యుండి. రాత్రి ఎనిమిదికి ఒక గీత లాగి వేసి పడుకున్నాను. ఒంటిగంటన్నరకు మంచం కింద ఏదో గీరుతున్న చప్పుడైతే లేచి టార్చ్ వేశాను. గుండు పక్కకు ఒరిగి ఉన్నాడు, తల తాగినవాడిలా ఊగుతోంది, నోటి పక్కన చొంగ, కళ్లు నల్లగా ఇంతింత అయ్యాయి, పిలిస్తే నా వైపు కాకుండా గోడ వైపు చూస్తున్నాడు. మా ఆయన మీటర్‌తో చూస్తే 38. ఆయన గ్లూకోజ్ పొడి డబ్బాలోంచి ఒక చెంచా తీసి రెండు చుక్కల నీళ్లతో ముద్దలా చేసి వేలితో చిగుళ్లకు రాశాను, కాసేపయ్యాక మళ్లీ రాశాను. పావుగంటకు 61 వచ్చింది, మింగడం మొదలుపెట్టాడు, అప్పుడు తిండి పెట్టాను. తెల్లారేదాకా అరగంటకోసారి చెవి గుచ్చుతూ కూర్చున్నాం ఇద్దరం. ఆరింటికి డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "మూత ఏ రంగమ్మా?"

అందుకే ఈ మొదటి నెలలో 412 చూసి కాదు, 40 వస్తుందేమో అని భయపడు. షుగర్ మూడొందలు, నాలుగొందలు ఉన్న పిల్లి తిని తిరుగుతూ ఉంటే ఇంకో వారం అలాగే ఉన్నా తట్టుకుంటుంది. బాగా తగ్గితే గంటల్లో ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. నంబరు తొందరగా దించాలని రెండో రోజే ఒక యూనిట్‌ని రెండు చేసేవాళ్లను చూశాను. గ్లార్జిన్ ఒంట్లో కుదురుకోవడానికే ఐదారు రోజులు పడుతుంది, అప్పటిదాకా డోసు ముట్టుకోవద్దు. ఆ తర్వాత కూడా పెంచేది డాక్టర్, అరయూనిట్ చొప్పున. తక్కువ వస్తే మాత్రం అదే రోజు ఫోన్ చెయ్యి, తగ్గించడానికి వారం ఆగక్కర్లేదు.

షుగర్ పడిపోతే ఎలా ఉంటుందో అమ్మకు కూడా చెప్పి ఉంచు. ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, లేకపోతే మూల నక్కి మత్తుగా ఉండటం, నడకలో తూలు, వణుకు, పిలిస్తే పట్టించుకోకపోవడం, ఆ తర్వాత ఫిట్స్. గ్లార్జిన్‌తో చాలా పిల్లులకు సూది వేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య బాగా దిగుతుంది, కానీ పిల్లి పిల్లికీ తేడా ఉంటుంది. వంటింట్లో గ్లూకోజ్ పొడి ఒక చిన్న డబ్బాలో పోసి డాక్టర్ నంబరు దాని మీదే అంటించు. తేనె ఉన్నా పనికొస్తుంది. బెల్లం, చక్కెర ఎక్కడానికి కాస్త ఆలస్యం, ఏమీ లేనప్పుడు చక్కెర నీళ్లైనా నయమే. చిగుళ్లకు రుద్దాలి అంతే, ఫిట్స్‌లో ఉన్న పిల్లి నోట్లో చెంచాతో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నీ వేలు కూడా కొరుకుతుంది. లేచి తిన్నాక కూడా ఆ రోజు డాక్టర్‌కి చూపించాలి. ఎందుకంటే గ్లూకోజ్ గంటలో అయిపోతుంది, ఇన్సులిన్ ఇంకా లోపలే ఉంటుంది.

ఇక సూది. పిల్లి గిన్నెలో తల పెట్టి తింటున్నప్పుడు వెయ్యి. ముందు తింటున్నాడని చూసుకోవాలి, ఆ తర్వాతే సూది. అందరూ మెడ వెనక చర్మం పట్టుకుంటారు, కానీ అక్కడ రక్త ప్రసరణ తక్కువ, మందు సరిగ్గా అందదు. పక్కటెముకల పక్కన, లేదా తొడ ముందు భాగంలో వదులుగా ఉన్న చర్మం రెండు వేళ్లతో పైకి లేపితే గుడారంలా అవుతుంది, ఆ గుడారంలోకి సూది పడుకోబెట్టినట్టు పెట్టి నొక్కు, మూడు లెక్కపెట్టి తియ్యి. సూది చివర ఎంత సన్నగా ఉంటుందంటే గుండుగాడు నమలడం కూడా ఆపేవాడు కాదు. ఈరోజు కుడి పక్క అయితే రేపు ఎడమ పక్క. వేశాక ఆ చోట వేలు పెట్టి చూడు, బొచ్చు తడిగా ఉండి ఫినాయిల్ లాంటి ఇన్సులిన్ వాసన వస్తే మందు బయట పోయినట్టు. ఎంత పోయిందో తెలియదు కాబట్టి మళ్లీ వేయకూడదు. ఒక పూట డోసు తప్పితే ఏమీ కాదు, రెండు డోసులు పడితే ఆ రాత్రి నాకైనట్టే అవుతుంది నీకు.

పెన్ను ఇచ్చి ఉంటే పెన్నుతో కూడా వేయొచ్చు. కానీ మామూలు పెన్నులు ఒక్కో యూనిట్ చొప్పునే తిరుగుతాయి, రేపు డాక్టర్ ఒకటిన్నర అంటే ఇరుక్కుంటావు. అరయూనిట్ గీతలున్న 0.3 ఎం.ఎల్. ఆరెంజ్ మూత సిరంజి అడుగు. వరంగల్ ఎంజీఎం దవాఖాన చుట్టుపక్కల పెద్ద మెడికల్ షాపుల్లో అడిగితే తెప్పించి ఇస్తారు, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. కొన్నాక ఒక్కో గీత అరనా, ఒకటా అని కళ్లద్దాలు పెట్టుకుని చూసుకో. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉంటుంది, మబ్బుగా కనిపిస్తే పారేయాలి. గట్టిగా ఊపొద్దు, తక్కువ డోసు కొలవడానికి వీలుగా ఉంటుందని నీళ్లు కలపడం అసలే వద్దు, దాని గుణమే పోతుంది.

ఇంట్లో షుగర్ చూడటం గురించి అందరూ భయపడతారు కానీ నా లెక్కలో ఇదే అసలు పని. పిల్లుల్లో ఒక తమాషా ఉంది, భయపడితే షుగర్ అమాంతం పెరుగుతుంది. సంచిలో వేసుకుని, ఆటోలో, హన్మకొండ చౌరస్తా హారన్ల మధ్య క్లినిక్‌కి తీసుకెళ్లి, పక్కన కుక్క మొరుగుతుంటే చూసిన నంబరు నమ్మదగింది కాదు. షుగర్ లేని పిల్లికి కూడా అప్పుడు 250, 300 వచ్చేస్తుంది. మీ వాడి విషయంలో బరువు తగ్గడం, నీళ్లు తాగడం, యూరిన్‌లో షుగర్ అన్నీ కలిశాయి కాబట్టి అనుమానం లేదు. అనుమానం ఉన్నవాళ్లకు ఫ్రక్టోసమైన్ అని ఒక రక్త పరీక్ష ఉంది, గడిచిన రెండు వారాల సగటు ఎలా ఉందో చెబుతుంది. అయితే డోసు మార్చడానికి మాత్రం ఇంట్లో, వాడు రోజూ పడుకునే చోట తీసిన నంబర్లే కావాలి.

మనుషుల గ్లూకోమీటరే చాలు. పిల్లి రక్తానికి అది అసలు కన్నా కొంచెం తక్కువ చూపిస్తుంది, పిల్లుల కోసం చేసిన మీటర్లు ఉన్నాయి కానీ వాటి స్ట్రిప్పులు ఖరీదు, దొరకడమూ కష్టం. ఏదైనా ఒకటే మీటర్ వాడు, డాక్టర్‌కి చెప్పేటప్పుడు మనుషుల మీటర్ అని చెప్పు. గుచ్చేది చెవికి. చెవిని లైటుకు ఎదురుగా పెడితే అంచు వెంబడి ఒక సన్నని నరం కనిపిస్తుంది, ఆ నరం మీద కాదు, నరానికీ అంచుకీ మధ్య గుచ్చాలి. ముందు చెవి వెచ్చబడాలి, లేకపోతే రక్తం రాదు. మేమైతే పాత సాక్సులో గుప్పెడు బియ్యం పోసి ముడి వేసి, పెనం మీద కాస్త వేడి చేసి, ముందు నా మణికట్టుకు ఆనించి చూసుకుని, అప్పుడు వాడి చెవికి అరనిమిషం పెట్టేవాళ్లం. చెవికి చాలా పల్చగా వాసెలిన్ రాస్తే రక్తం బొచ్చులో పాకకుండా చుక్కగా నిలబడుతుంది. లోపలి వైపు మడిచిన దూది పెట్టి, బయట నుంచి టక్కున గుచ్చు. ఆవగింజంత చుక్క చాలు, స్ట్రిప్పు అంచు తగిలిస్తే అదే పీల్చుకుంటుంది. తర్వాత దూదితో పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టు, లేకపోతే చెవి కమిలిపోతుంది. వెంటనే ఒక చిన్న ఉడికిన చికెన్ ముక్క. మొదటి వారం మూడు స్ట్రిప్పులు వేస్ట్ చేస్తే ఒకటి వస్తుంది, ఏడుపొస్తుంది, స్ట్రిప్పు ఒక్కోటి 20 రూపాయలకు అటూ ఇటూ కదా. రెండో వారానికి స్ట్రిప్పుల డబ్బా మూత టప్పుమంటే గుండు సోఫా మీదికి దూకి చెవి ఇచ్చేవాడు, చికెన్ కోసమే అనుకో.

ప్రతి సూదికి ముందు ఒకసారి చూడు. కొత్తవాళ్లకు నేను చెప్పే లెక్క ఇది: మనుషుల మీటర్‌లో 200 కన్నా తక్కువ వస్తే సూది వేయకుండా ఆగు, తిండి పెట్టకుండా అరగంట తర్వాత మళ్లీ చూడు, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది పట్టుకుని డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. అనుభవం వచ్చాక ఈ హద్దు మారుతుంది, మొదటి నెల మాత్రం ఇదే పెట్టుకో. వారానికో రెండు వారాలకో ఒక ఆదివారం రోజంతా రెండు గంటలకోసారి చూసి రాసి పెట్టు. ఎంత కిందికి దిగింది, ఎప్పుడు దిగింది అన్నదే డాక్టర్‌కి కావాల్సింది. ఆ దిగువ నంబరు 80 నుంచి 150 మధ్యకు మెల్లగా రావాలి. మనుషులు భుజానికి అంటించుకునే రెండు వారాల సెన్సర్లు పిల్లులకు కూడా పెడుతున్నారు, డబ్బు పెట్టగలిగితే మంచిదే, కాకపోతే మా ఊళ్లో ఒకామె పిల్లి నాలుగో రోజే దాన్ని పీకి మంచం కింద దాచింది.

ఒక నోట్‌బుక్ పెట్టు. టైము, నంబరు, ఎంత వేశావు, ఏం తిన్నాడు, అంతే. నీళ్లు కొలవడం చాలా మంది వదిలేస్తారు, నిజానికి ఖర్చు లేని పరీక్ష అదే. పొద్దున సీసాతో కొలిచి పోసి మర్నాడు మిగిలింది కొలువు. ఐదు కిలోల పిల్లి రోజుకు పావులీటరు దాటి తాగుతుంటే కచ్చితంగా ఎక్కువే, షుగర్ అదుపులోకి వచ్చేకొద్దీ ఆ లెక్క దానంతటదే పడిపోతుంది. ఇసుక ట్రేలో ముద్దలు కూడా చూడు, బత్తాయంత ఉన్నవి నిమ్మకాయంత అయితే సంతోషించు. గుండుగాడికి షుగర్ అని మాకు మొదట చెప్పింది డాక్టర్ కాదు, చీమలు. ట్రే చుట్టూ వరస కట్టాయి. మా అత్తమ్మ చూసి, "గీనికి గూడ మీ ఆయన రోగమే వచ్చినట్టుంది" అంది, మేం నవ్వాం.

తిండి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అమ్మ పెరుగన్నం కలిపి పెడుతోందని రాశావు. ఆపేయాలి. పాలన్నం కూడా. పిల్లి పుట్టుకతో మాంసం తినే జంతువు, అన్నాన్ని వాడుకునే శక్తి దానికి తక్కువ. అయితే పొడి గింజల తిండి మంచిదనుకోకు, ఆ గింజ విరిగిపోకుండా ఉండాలంటేనే పిండి పదార్థం కలపాలి, చాలావాటిలో మూడో వంతు అదే. తడి తిండి, అంటే పౌచ్‌లు, డబ్బాలు మేలు, అందులోనూ చిక్కటి గ్రేవీ ఉన్నవాటికన్నా ముద్దగా, జెల్లీలా ఉండేవి. ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ ఎంతో రాయరు. నువ్వే లెక్క కట్టాలి, వందలోంచి ప్రొటీన్, కొవ్వు, తేమ, పీచు, బూడిద (యాష్, అంటే ఖనిజాలు) తీసేస్తే మిగిలేది అదే. తేమ ఎక్కువ ఉన్న తిండిలో ఆ మిగిలింది రెండు మూడు దాటకపోతే బాగున్నట్టు.

ఇంట్లో వండి పెడతాం అంటే చికెన్ ఉడికించి పెట్టొచ్చు, ఉప్పు వద్దు, ఉల్లిపాయ, వెల్లుల్లి అసలే వద్దు, అవి పిల్లి రక్త కణాలను పగలగొడతాయి, కాబట్టి కూరలోంచి ముక్క కడిగి పెట్టడం కూడా కుదరదు. ఉడికించిన నీళ్లు పారబోయకు, అవి కూడా పొయ్యి. టారిన్ అనే పదార్థం పిల్లికి తిండి ద్వారానే రావాలి, అది ఉడుకు నీళ్లలోకి దిగిపోతుంది. టారిన్ తక్కువైతే పిల్లుల గుండె పెద్దదై బలహీనపడుతుందని 1987లో అమెరికాలో కనిపెట్టారు, దాని తర్వాతే కంపెనీలు తిండిలో ఎక్కువ కలపడం మొదలుపెట్టాయి. అందుకని చికెన్ షాపులో అడిగి గుండెకాయలు తెచ్చుకో, టారిన్ వాటిలో ఎక్కువ. కందనకాయలు పర్వాలేదు. కార్జం వారానికి ఒకటి రెండుసార్లు కొంచెం, రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువవుతుంది. బొచ్చె, రవ్వు లాంటి చేపలు ఉడికించి ముళ్లు తీసి అప్పుడప్పుడు. కొర్రమీను అడిగితే మనకే దిక్కు లేదని చెప్పు. బోన్‌లెస్ చికెన్ ఒక్కటే నెలల తరబడి పెడితే కాల్షియం ఉండదు, కాబట్టి సగం డబ్బా తిండి, సగం ఇంటి తిండి అన్నది నా పద్ధతి. పూర్తిగా ఇంటిదే అయితే డాక్టర్‌ని అడిగి టారిన్, కాల్షియం కలపాలి.

ఇక్కడే ఒక గోతి ఉంది. ఇన్సులిన్ మొదలయ్యాక గింజలు, పెరుగన్నం ఒక్కసారిగా ఆపి మాంసం పెట్టావనుకో, అదే ఒక యూనిట్ ఎక్కువైపోయి షుగర్ పడిపోతుంది. డాక్టర్‌కి చెప్పి, పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చు, ఆ రోజుల్లో చెవి రోజుకో రెండుసార్లు ఎక్కువ గుచ్చు. లావుగా ఉన్నాడు కదా అని పస్తు పెట్టడం కూడా ప్రమాదమే. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా లివర్‌కి చేరి కామెర్లు వస్తాయి.

మాత్రల సంగతి. మా నాన్నగారి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ అరముక్క వేయొచ్చా అని చాలామంది అడుగుతారు, అది పిల్లులకు పనిచేయదు, వాంతులు మాత్రం చేయిస్తుంది. గ్లిపిజైడ్ అనే ఇంకో షుగర్ మాత్ర కొన్నింటికి కొంత పనిచేస్తుంది, ఇన్సులిన్‌తో పోలిస్తే తక్కువే. అమెరికాలో పిల్లుల కోసమే 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ అనే నోటి మందుకు అనుమతి ఇచ్చారు. వాటిని ఇన్సులిన్ ఎప్పుడూ వాడని, మిగతా అన్ని విధాలా ఆరోగ్యంగా ఉన్న పిల్లులకే ఇవ్వాలి, పైగా షుగర్ నంబరు మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగితే తయారయ్యే పదార్థాలు) పెరిగి ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఉంది, గట్టి నిఘా కావాలి. మనుషుల షాపులో అలాంటి పేరుతో దొరికే మాత్ర తెచ్చి విరిచి వేయడం మాత్రం చేయకు.

జీవితాంతమా అన్నావు. కాకపోవచ్చు. పిల్లుల్లో షుగర్ మనుషుల్లో టైప్ 2 లాంటిది. తొందరగా ఇన్సులిన్ మొదలుపెట్టి, పిండి తిండి ఆపి, ఒళ్లు తగ్గిస్తే అలసిపోయిన క్లోమానికి విశ్రాంతి దొరికి కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అక్కర్లేకుండా పోతుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో. గుండుకి నాలుగో నెలలో ఒకటి నుంచి అరయూనిట్ అయింది, తర్వాత సున్నా. పద్నాలుగు నెలలు సూది లేదు. ఆ తర్వాత దురదలు వస్తే ఒక చోట చూపించాను, ఒక ఇంజక్షన్ ఇచ్చారు, దురద రెండు రోజుల్లో మాయం, షుగర్ పది రోజుల్లో తిరిగొచ్చింది. అది చాలా రోజులు పనిచేసే స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. మీ వాడికి ఈ మధ్య దురదకో, ఆయాసానికో, నోటి పుండుకో అలాంటి ఇంజక్షన్ ఏదైనా పడిందేమో పాత చీటీలు తీసి చూడు, అది డాక్టర్‌కి చాలా పెద్ద సమాచారం. పళ్లు కూడా చూపించు, చిగుళ్లలో చీము ఉన్నా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా షుగర్ దిగదు. ఏం చేసినా దిగకుండా డోసు ఐదారు యూనిట్లు దాటుతుంటే ఇంకేదో జబ్బు లోపల ఉన్నట్టు, అప్పుడు పెద్ద పరీక్షలు అవసరం. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది కదా, అలాంటప్పుడు అక్కడా అడగొచ్చు, ఫోన్ చేసి టైము కనుక్కుని వెళ్లు.

మడమలు నేలకు ఆనించి కుందేలులా నడుస్తున్నాడా అని కూడా గమనించు, అది షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న గుర్తు. షుగర్ అదుపులో ఉంటే వారాలు, నెలల్లో చాలావరకు మళ్లీ లేస్తాడు.

మన ఎండల్లో ఇన్సులిన్ దాచడం ఒక పని. ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టు, డీప్ ఫ్రీజర్ పక్కన వద్దు, ఒక్కసారి గడ్డకట్టినా పనికిరాదు. మేలో కరెంటు గంటలకొద్దీ పోతే కొత్త మట్టి కుండ తడి ఇసుకలో పెట్టి, అందులో ఇంకో చిన్న ముంతలో సీసా పెట్టి తడిగుడ్డ కప్పేవాళ్లం. షాపు నుంచి తెచ్చేటప్పుడు ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి ఫ్లాస్క్‌లో తెచ్చుకో, స్కూటీ డిక్కీలో మధ్యాహ్నం మర్చిపోయావంటే సీసా పోయినట్టే, చూడటానికి మాత్రం తేటగానే ఉంటుంది.

ఎప్పుడు ఏమీ ఆలోచించకుండా దవాఖానకు పరుగెత్తాలంటే, పూట మొత్తం తినకుండా వాంతులు చేసుకుంటూ నీరసంగా పడి ఉన్నప్పుడు, నోట్లోంచి కుళ్లిన పండు లాంటి, గోళ్ల రంగు తీసే మందు లాంటి వాసన వచ్చినప్పుడు. అది కీటోన్ల వాసన. యూరిన్‌లో కీటోన్లు చూసే స్ట్రిప్పులు మెడికల్ షాపులో దొరుకుతాయి, ఒక డబ్బా కొని పెట్టుకో. తినట్లేదు కదా అని ఇన్సులిన్ మొత్తం ఆపేసి ఇంట్లో కూర్చోవడం కూడా ఇదే గోతిలోకి తోస్తుంది. తినకపోతే ఎంత వేయాలో ఆ పూటే ఫోన్ చేసి అడుగు.

టైము నీ ఉద్యోగాన్ని బట్టి పెట్టుకో, పొద్దున ఏడు, రాత్రి ఏడు అనుకో. గంట అటూ ఇటూ అయితే కొంపలు మునగవు. సూదులు రెండూ నువ్వే వెయ్యి, అమ్మకు మాత్రం మధ్యాహ్నం ఒకసారి వాడిని పేరుపెట్టి పిలిచి, లేచి నడుస్తున్నాడా అని చూసే పని అప్పగించు, గ్లూకోజ్ డబ్బా ఎక్కడుందో చూపించు. పెళ్లికో, బతుకమ్మకు అమ్మగారింటికో, మేడారం జాతరకో పోవాల్సి వస్తే వాడిని వెంట తిప్పకు. పక్కింట్లో షుగర్ ఉండి తనకు తాను సూది వేసుకునేవాళ్లు ఒకరైనా ఉంటారు ఈ రోజుల్లో, వాళ్లకు ముందే రెండుసార్లు నీ ఎదురుగా వేయించి నేర్పు. మాకు అలా దొరికింది రిటైర్డ్ రైల్వే గార్డు ఒకాయన, "నా పొట్ట కన్నా దీని చర్మమే మెత్తగుంది టీచరమ్మా" అనేవాడు. కానీ ఆయన సిరంజీలు కూడా ఎర్ర మూతవే, అందుకని వెళ్లేటప్పుడు ఆరెంజ్‌వి లెక్కపెట్టి ఇచ్చి వెళ్లేదాన్ని. వాడిన సూదులు చెత్త బండిలో అలాగే వేయొద్దు, తీసుకెళ్లేవాళ్ల చేతికి గుచ్చుకుంటాయి, గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి నిండాక క్లినిక్‌లో ఇచ్చెయ్యి.

మూత రంగు, సీసా మీది నంబరు ఏముందో ఈ రాత్రే చూసి రాయి. ఏడింటి సూది అది తేలేదాకా ఆగినా పర్వాలేదు.